ఎస్టేట్‌కి వార్డు అడగాలా, వేరే పారిష్ అడగాలా: బరో కౌన్సిల్ సమీక్షకి జవాబు రాసే ముందు

మీ ప్రశ్న సారాంశం ముందు పెడతాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకి పనికొస్తుంది. మీరు ఇంగ్లండ్‌లో ఒక పాత ఊరి పక్కన లేచిన కొత్త ఎస్టేట్‌లో ఉంటున్నారు. పారిష్ కౌన్సిల్ (మన గ్రామ పంచాయతీలాగా ఊరి స్థాయి సంస్థ) ఎన్నికల ఏర్పాట్లు సమీక్షిస్తున్నాం, అభిప్రాయం చెప్పండి అని దానికి పైనుండే బరో కౌన్సిల్ నుంచి కరపత్రం వచ్చింది. పాత ఊళ్లో 1,250 ఇళ్లు, 2,400 మంది ఓటర్లు. ఎస్టేట్‌లో ఇప్పటికి 600 ఇళ్లు, 800 మంది ఓటర్లు. ఇంకో 450 ఇళ్లు కడుతున్నారు. ఇప్పుడున్న 11 మంది కౌన్సిలర్లని 13కి పెంచుతామంటూ రెండు దారులు, అది కాకపోతే మూడోది చూపించారు. ఎ: పారిష్ అంతా కలిపి ఒకే ఎన్నిక, 13 సీట్లు. బి: రెండు వార్డులు, ఊరికి 10 సీట్లు, ఎస్టేట్‌కి 3. సి: ఎస్టేట్‌ని విడదీసి కొత్త పారిష్ చేయడం. ఏది టిక్ చేయాలి, టాక్స్ పెరుగుతుందా, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల మాట చెల్లుతుందా, నిలబడొచ్చా అని అడిగారు.

నేనొక టౌన్ కౌన్సిల్‌లో చాలా ఏళ్లుగా కౌన్సిలర్‌ని. ఇలాంటి సమీక్షల్ని లోపలి నుంచి చూశాను. నా జవాబు బి. కానీ 3 సీట్లతో కాదు, 5 సీట్లతో. ఆ 5 ఎలా వచ్చిందో కింద లెక్క చూపిస్తాను. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: మీ ఎస్టేట్‌లో అర్హత ఉన్న ప్రతి ఒక్కరి పేరూ ఓటర్ల జాబితాలోకి ఎక్కించడం. మీరు చెప్పిన మీ ఎస్టేట్ గ్రూపులో టాక్స్ గురించి అంత చర్చ జరిగింది గానీ దీని గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఇదేం సమీక్షో రెండు ముక్కల్లో. పారిష్ అనగానే చర్చి అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. స్థానిక పాలన వరకు ఆ ముడి 1894 చట్టంతోనే తెగిపోయింది. ఇంగ్లండ్‌లో సుమారు 10 వేల పారిష్, టౌన్ కౌన్సిళ్లు ఉన్నాయి. టౌన్ కౌన్సిల్ అన్నా అదే రకం సంస్థే, పారిష్ కౌన్సిల్ తీర్మానం చేసుకుని ఆ పేరు పెట్టుకోవచ్చు. పార్కులు, పిల్లల ఆటస్థలాలు, కమ్యూనిటీ హాలు, శ్మశానం, బస్ షెల్టర్లు లాంటివి చూస్తారు. ప్లానింగ్ దరఖాస్తుల మీద అభిప్రాయం చెబుతారు, నిర్ణయం మాత్రం బరోదే. ఈ కౌన్సిళ్ల సరిహద్దులు, సీట్లు, వార్డులు మార్చే అధికారం ఒకప్పుడు లండన్‌లో మంత్రి చేతిలో ఉండేది. 2007 నాటి లోకల్ గవర్నమెంట్ అండ్ పబ్లిక్ ఇన్వాల్వ్‌మెంట్ ఇన్ హెల్త్ చట్టం దాన్ని స్థానిక బరో, డిస్ట్రిక్ట్, యూనిటరీ కౌన్సిళ్లకి ఇచ్చింది. 2008 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మీకొచ్చిన కరపత్రంలో కమ్యూనిటీ గవర్నెన్స్ రివ్యూ అని ఉన్నది ఈ చట్టం కింద జరిగేదే.

మన ఊళ్లలో పద్ధతి అలవాటైనవాళ్లకి ఇక్కడ మూడు విషయాలు కొత్తగా ఉంటాయి. మన గ్రామ పంచాయతీలో ఎంతమంది వార్డు మెంబర్లుండాలో జనాభా శ్లాబుల ప్రకారం చట్టమే చెబుతుంది. ఇక్కడ చట్టం చెప్పేది కనీసం 5 మంది ఉండాలని మాత్రమే, పైన పరిమితి లేదు. మనకి ఒక వార్డుకి ఒకే మెంబరు. ఇక్కడ ఒకే వార్డు నుంచి ముగ్గురు, ఐదుగురు, పది మంది కూడా ఎన్నికవుతారు. ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు, ఒకే బ్యాలెట్ మీద అన్ని క్రాసులు పెట్టొచ్చు. సర్పంచి ఎన్నిక లేదు, కౌన్సిలర్లే ఏటా తమలో ఒకర్ని చైర్మన్‌గా ఎన్నుకుంటారు. రిజర్వేషన్లూ లేవు. రెండో తేడాని బాగా గుర్తుపెట్టుకోండి, ఎ, బి ల మధ్య ఎంపిక అంతా దాని మీదే నడుస్తుంది.

ఇక లెక్క. వార్డుల సరిహద్దులు, సీట్లు నిర్ణయించేటప్పుడు కౌన్సిల్ ఏమేం చూడాలో 2007 చట్టంలోని 95వ సెక్షన్ చెబుతుంది. ఇప్పుడున్న ఓటర్ల సంఖ్య చూడాలి. సమీక్ష మొదలైన రోజు నుంచి 5 ఏళ్లలో ఆ సంఖ్యలో, వాళ్లు ఉండే చోట్లలో రాబోయే మార్పు చూడాలి. గీతలు ఇప్పుడే కాదు, రేపు కూడా సులువుగా గుర్తుపట్టేలా ఉండటం, స్థానిక బంధాలు తెగకుండా ఉండటం మంచిదన్న విషయం కూడా చూడాలి. పెళ్లికి వంట ఎంతమందికి అంటే రాబోయే చుట్టాల్ని కూడా కలిపి చెబుతాం కదా, పందిట్లో అప్పటికే కూర్చున్నవాళ్ల తలలు లెక్కపెట్టి ఊరుకోం. మీ కరపత్రం చేసింది మాత్రం సరిగ్గా రెండోదే.

10, 3 అనే పంపకం ఇవాళ్టి జాబితా నుంచి వచ్చింది. మొత్తం 3,200 మంది ఓటర్లు, 13 సీట్లు, అంటే సీటుకి 246 మంది. ఎస్టేట్‌లో 800 మందికి 3.25, అంటే 3. ఇంతవరకు తప్పు లేదు. ఇప్పుడు మిగతా 450 ఇళ్లు కలపండి. ఎస్టేట్ 1,050 ఇళ్లవుతుంది. ఇప్పుడున్న నిష్పత్తే (600 ఇళ్లకి 800 మంది) కొనసాగినా 1,400 మంది ఓటర్లు. పాత ఊరు అంతే ఉందనుకుంటే మొత్తం 3,800, సీటుకి 292. ఎస్టేట్ వాటా 4.79, అంటే 5. ఊరికి 8. ఈ 10, 3 పంపకాన్ని అలాగే వదిలేస్తే 5 ఏళ్లలో ఊళ్లో 240 మందికి ఒక కౌన్సిలర్, ఎస్టేట్‌లో 467 మందికి ఒకరు ఉంటారు. మీ ఓటు బరువు వాళ్ల ఓటులో సగం.

పారిష్ వార్డుల మధ్య ఓటర్ల సంఖ్య సమానంగా ఉండి తీరాలని చట్టంలో లేదు, ఈ మాట బరో అధికారులు కచ్చితంగా అంటారు. నిజమే. కానీ 2010లో ప్రభుత్వం, బౌండరీ కమిషన్ (బరో వార్డుల సరిహద్దులు నిర్ణయించే సంస్థ) కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు వీలైనంత వరకు ప్రతి ఓటుకీ సమాన బరువు ఉండటమే మంచి పద్ధతి అంటాయి. వార్డుల మధ్య పెద్ద తేడాలు ఉండటం సమర్థమైన పాలనకి మంచిది కాదని కూడా అంటాయి. మార్గదర్శకాల్ని పరిగణనలోకి తీసుకోవడం కౌన్సిల్ బాధ్యత. మీ జవాబులో చట్టం సెక్షన్ 95ని, ఈ మార్గదర్శకాల్ని పేరు పెట్టి రాయండి. అలా రాసిన ఒక్క పేరా అధికారి రిపోర్టులోకి నేరుగా వెళ్తుంది. ఆవేశంగా రాసిన రెండు పేజీలు “కొందరు నివాసులు అసంతృప్తి తెలిపారు” అన్న ఒక్క వాక్యంగా కుదించుకుపోతాయి.

450 ఇళ్లు నిజంగా 5 ఏళ్లలో పూర్తవుతాయా అని వాళ్లు సందేహం చూపొచ్చు. దానికి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది. లోకల్ ప్లాన్ కోసం ప్రతి బరో ఏ స్థలంలో ఏ సంవత్సరం ఎన్ని ఇళ్లు వస్తాయో పట్టిక తయారుచేస్తుంది, ప్లానింగ్ విభాగం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ప్లానింగ్ విభాగం 450 ఇళ్లు వస్తాయని రాసుకుంటే, ఎన్నికల విభాగం రావని అనడం కష్టం. ఒకే భవనంలో ఉండి రెండు విభాగాలూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోకపోవడం మన మున్సిపాలిటీల్లోనే అనుకోకండి.

ఇప్పుడు ఓటర్ల జాబితా సంగతి. మీ అంకెల్లోనే ఇంకో సంగతి ఉంది. పాత ఊళ్లో ఇంటికి 1.92 మంది ఓటర్లు. మీ ఎస్టేట్‌లో 1.33 మంది. కొత్త ఎస్టేట్‌లో పెద్దవాళ్లు తక్కువ ఉంటారా? ఎక్కువగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇళ్లే. పెద్దవాళ్ల సంఖ్య ఇంటికి రెండుకి తక్కువ ఉండదని మీకే తెలుసు. తేడా అంతా జాబితాలో పేర్లు లేకపోవడం వల్లే అని నా అంచనా. అందులో మనవాళ్ల వాటా ఎక్కువే ఉండి ఉంటుంది.

ఇది స్పష్టంగా చెబుతాను. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు. యూకేలో చట్టబద్ధంగా ఉండేందుకు ఏ రకమైన అనుమతి ఉన్నా సరే, స్కిల్డ్ వర్కర్ వీసా, డిపెండెంట్, స్టూడెంట్ ఏదైనా, 18 ఏళ్లు నిండి ఇక్కడ నివాసం ఉంటే ఓటు నమోదు చేసుకునే హక్కు ఉంది. స్థానిక ఎన్నికలకే కాదు, పార్లమెంటుకి కూడా. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) రావాలని, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. నమోదు చేసుకుంటే వీసాకి ఏదో ఇబ్బంది అవుతుందేమోనన్న టెన్షన్ కూడా వద్దు. నిజానికి నమోదు చేసుకోమని కౌన్సిల్ అడిగాక పట్టించుకోకపోతే 80 పౌండ్ల జరిమానా వేసే అధికారం వాళ్లకి ఉంది. పైగా క్రెడిట్ సంస్థలు అడ్రసు సరిచూసేది ఈ జాబితాతోనే, మార్ట్‌గేజ్‌కి వెళ్లేటప్పుడు తెలుస్తుంది దాని విలువ. విజిటర్‌గా వచ్చిన అమ్మానాన్నల సంగతి వేరు. వాళ్లు నివాసులు కారు, వాళ్ల పేర్లు పెట్టకండి.

ఇంటికి 1.33 బదులు ఊళ్లో మాదిరిగా 1.9 లెక్కన పేర్లుంటే ఏమవుతుందో చూడండి. 1,050 ఇళ్లకి దాదాపు 2,000 మంది. మొత్తం 4,400. సీటుకి 338. ఎస్టేట్‌కి 5.9, అంటే 6. ఊరికి 7. నేను 5 అడగమన్నది జాగ్రత్త లెక్క. ఈ సమీక్ష జనాభా లెక్కల మీద నడవదు, ఓటర్ల జాబితా మీద నడుస్తుంది. ఇంట్లో నలుగురున్నా జాబితాలో ఒక్కరే ఉంటే, ఆ అధికారి స్ప్రెడ్‌షీట్‌లో మీది ఒక మనిషి ఉన్న ఇల్లే. నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకుంటే చాలు. వీకెండ్‌లో క్రికెట్ దగ్గర, బతుకమ్మ దగ్గర, పిల్లల డ్యాన్స్ క్లాసు బయట నిలబడి ఫోన్‌లోనే చేయించేయొచ్చు. ఇది కన్సల్టేషన్ గడువుకి ముందే మొదలుపెట్టండి. ముసాయిదా సిఫారసుల నాటికి ఎస్టేట్ ఓటర్ల సంఖ్య 800 నుంచి 1,000 దాటితే, మీరు వేరే వాదనేమీ చేయకుండానే వాళ్ల లెక్క కదులుతుంది.

ఎ ఎందుకు వద్దంటున్నాను? ఒకే ఎన్నికైతే ప్రతి ఓటరుకి 13 ఓట్లుంటాయి. పోటీ గట్టిగా జరిగి, ఊరివాళ్లు తమవాళ్లకే వేసుకుంటే, 2,400 మంది కలిసి 13కి 13 గెలవొచ్చు. ఎస్టేట్‌లో 800 మంది ఒక్కతాటి మీద ఉన్నా ఒక్క సీటూ రాకపోవచ్చు. పార్టీల గొడవ లేని పారిష్‌లో అంత పంతం ఉండదు గానీ, ఎస్టేట్ రోడ్డు, డ్రైనేజీ, కొత్త ఇళ్ల మీద ఊళ్లో కోపం ఉన్నచోట జరగదని చెప్పలేను. బి లో మాత్రం మీ 5 సీట్లకి మీ వార్డు ఓటర్లే ఓటేస్తారు.

అయితే బి లో ఒక మెలిక ఉంది, దీన్ని దాచి మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. పారిష్ ఎన్నికల్లో ఎక్కువ చోట్ల పోటీయే ఉండదు. సీట్లెన్నో నామినేషన్లు అంతకంటే తక్కువ వస్తాయి, వేసినవాళ్లంతా గెలిచినట్టే. మీ వార్డులో 5 సీట్లకి ఇద్దరే నిలబడితే ఆ ఇద్దరూ కౌన్సిలర్లవుతారు, మిగతా 3 ఖాళీలని ఎన్నికైన కౌన్సిలర్లు తామే మనుషుల్ని ఎంచుకుని నింపుతారు. దాన్ని కో-ఆప్షన్ అంటారు. అక్కడ అర్హత పారిష్ మొత్తానికి సంబంధించింది, వార్డుకి కాదు. అంటే ఎస్టేట్ వార్డు సీట్లో పాత ఊరి పెద్దమనిషి కూర్చోవచ్చు, పూర్తి చట్టబద్ధంగా. అందుకే 5 సీట్లు అడిగే ముందు 5 పేర్లు కాగితం మీద రాసుకోండి. మంగళవారం సాయంత్రం ఏడింటికి మీటింగుకి వచ్చి శ్మశానం గడ్డి కాంట్రాక్టు మీద గంట సేపు కూర్చోగలవాళ్ల పేర్లు. జీతం లేదు. గ్రూపులో థంబ్స్ అప్ పెట్టినవాళ్లని లెక్కపెట్టకండి. ముగ్గురే దొరికితే? అప్పుడు కూడా 5 అడగండి, ఎందుకంటే లెక్క అదే. కానీ ఇంకో ఇద్దరి కోసం ఇప్పట్నుంచే వెతకాలి.

నిలబడటానికి అర్హత గురించి అడిగారు. ఓటుకీ దీనికీ తేడా ఉంది. కామన్వెల్త్ పౌరుడు అభ్యర్థి కావాలంటే యూకేలో ఉండటానికి అనుమతే అవసరం లేని స్థితిలోనైనా ఉండాలి, లేదా ఇండెఫినిట్ లీవ్ టు రిమెయిన్, అంటే మనం పీఆర్ అనేది ఉండాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు ఓటేయొచ్చు, నిలబడలేరు. 18 ఏళ్లు నిండాలి. దీనికి తోడు పారిష్‌తో ఒక సంబంధం ఉండాలి: ఆ పారిష్ ఓటర్ల జాబితాలో ఉండటం, లేదా గత 12 నెలలుగా అక్కడ ఇల్లు, స్థలం యజమానిగా గానీ అద్దెకి గానీ ఉండటం, లేదా ఆ 12 నెలలూ ప్రధాన ఉద్యోగం అక్కడే ఉండటం, లేదా ఆ 12 నెలలూ పారిష్‌లో గానీ దానికి 3 మైళ్ల లోపు గానీ నివసించడం. డిపాజిట్ లేదు. ప్రతిపాదించేవాళ్లు ఒకరు, బలపరిచేవాళ్లు ఒకరు, ఆ వార్డు ఓటర్లై ఉండాలి. అంతే. ఇంట్లో ఒకరికి పీఆర్ వచ్చి, ఇంకొకరికి రాకపోతే వచ్చినవాళ్లు నిలబడాలి. మన ఇళ్లలో ఆ వచ్చినవాళ్లు ఆడవాళ్లే కావొచ్చు, కాబట్టి పేర్ల కోసం మగవాళ్ల క్రికెట్ గ్రూపుతో ఆగిపోకండి.

ఇక సి. వేరే పారిష్ అనగానే మీ గ్రూపులో చప్పట్లు కొట్టారని రాశారు. సొంత కౌన్సిల్, సొంత పేరు, వినడానికి బాగుంటుంది. డెవన్‌లో క్రాన్‌బ్రూక్ అనే కొత్త పట్టణంలో 2012లో జనం దిగడం మొదలైతే 2015కి టౌన్ కౌన్సిల్ వచ్చింది. కేంబ్రిడ్జ్ దగ్గర నార్త్‌స్టో 2021లో తన టౌన్ కౌన్సిల్‌ని ఎన్నుకుంది. కానీ అవి వేల ఇళ్ల కోసం గీసిన పట్టణాలు, నార్త్‌స్టో ప్రణాళికే 10,000 ఇళ్లది. మీది పూర్తయినా 1,050. కొత్త పారిష్‌లో 1,000 మంది ఓటర్లుంటే దానికి కౌన్సిల్ ఉండాలని బరో సిఫారసు చేసి తీరాలి. అంతకంటే తక్కువైతే, 150 దాటి ఉన్నంతవరకు, అది వాళ్ల ఇష్టం. మీ 800 మంది ఇప్పుడు ఆ మధ్యలో ఉన్నారు. 

అసలు సమస్య డబ్బు. పారిష్ కౌన్సిల్ తన ఖర్చుకి కావలసింది ప్రీసెప్ట్ రూపంలో కౌన్సిల్ టాక్స్‌లో వేస్తుంది, మీ బిల్లులో వేరే లైనుగా కనిపిస్తుంది. చిన్న కౌన్సిల్‌కైనా క్లర్క్ జీతం, ఇన్సూరెన్స్, ఆడిట్, ఎన్నికల ఖర్చు తప్పవు. ఊరికే ఉదాహరణకి ఇవన్నీ కలిపి ఏడాదికి 40,000 పౌండ్లనుకోండి. 1,850 ఇళ్ల మీద పంచితే ఇంటికి సుమారు 22 పౌండ్లు. 600 ఇళ్ల మీద పంచితే 67. అసలు లెక్క ఇళ్ల విలువని బట్టి పెట్టిన బ్యాండ్ల వారీగా ఉంటుంది గానీ తేడా ఎటువైపో అర్థమవుతుంది. దీనికి తోడు మీరు మేనేజ్‌మెంట్ కంపెనీకి ఎస్టేట్ చార్జీ కడుతూనే ఉన్నారు. కొత్త పారిష్ వచ్చినంత మాత్రాన అది పోదు. గడ్డి, చెరువు, ఆటస్థలం ఆ కంపెనీ చేతిలోనే ఉంటే మీ కొత్త కౌన్సిల్‌కి చూసుకోవడానికి మిగిలేది బెంచీలు, నోటీసు బోర్డు. ఊరి హాలు, మైదానం పాత పారిష్ ఆస్తులు. ఆస్తుల పంపకానికి నియమాలున్నాయి గానీ ఊరి హాలుని సగం కోసి ఎవరూ ఇవ్వరు.

సి వైపు నేను ఒప్పుకునే వాదన ఒకటే. మీ బరో కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ (కొత్త కట్టడాల మీద వేసే రుసుము) వసూలు చేసేదైతే, పారిష్‌లో కట్టే కొత్త ఇళ్ల లెవీలో 15 శాతం పారిష్ కౌన్సిల్‌కి వెళ్తుంది (దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది). నెయిబర్‌హుడ్ ప్లాన్ (ఆ ప్రాంతంలో ఏం ఎలా కట్టాలో స్థానికంగా తయారుచేసుకునే ప్లాన్) ఆమోదం పొంది ఉంటే 25 శాతం. మీ ఎస్టేట్ ఇళ్ల మీద వచ్చిన ఆ డబ్బు ఊళ్లో పెవిలియన్ పైకప్పుకి పోయిందని మీలో కొందరికి మంట, అది నాకు అర్థమవుతుంది. దానికి మందు సరిహద్దు కంటే కౌన్సిల్‌లో 5 ఓట్లే అని నా అభిప్రాయం. అయినా మిగిలిన 450 ఇళ్ల మీద లెవీ ఉందా, వాటా ఎంత, సరిహద్దు మారితే ఎవరికి వెళ్తుంది అని బరోకి ఈమెయిల్ రాసి లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ అంకె పెద్దదైతే సి మీద నా మాటని మీరు మళ్లీ తూచుకోవచ్చు.

అసలు పారిషే వద్దు, ప్రీసెప్ట్ తీసేయండి అని రాస్తామన్నారు మీ పొరుగాయన. రాయొచ్చు, ఫలితం ఉండదు. మార్గదర్శకాల ప్రకారం ఉన్న పారిష్‌ని రద్దు చేయాలంటే ఏళ్ల తరబడి నిలిచిన స్పష్టమైన ప్రజామద్దతు కనపడాలి, రెండు పదవీకాలాలంత, అంటే దాదాపు 8 ఏళ్లు.

మ్యాప్ గురించి. వార్డు గీత మీ మెయిన్ రోడ్డు మధ్యలోంచి వెళ్లి రెండు వీధుల్ని ఊరి వార్డులో పడేసిందని రాశారు. అది ఎవరో నిర్లక్ష్యంగా గీసింది కాకపోవచ్చు. అక్కడే బరో వార్డు సరిహద్దు ఉందేమో చూడండి. బరో వార్డుల్ని నిర్ణయించేది 2010 నుంచి పనిచేస్తున్న లోకల్ గవర్నమెంట్ బౌండరీ కమిషన్. ఒక పారిష్ వార్డు రెండు బరో వార్డుల్లోకి చొచ్చుకుపోకుండా చూడటం పద్ధతి, లేకపోతే ఒకే వీధిలో రెండు రకాల బ్యాలెట్ల గందరగోళం. ఎస్టేట్ రాకముందు, అక్కడ పొలం ఉన్న రోజుల్లో గీసిన గీత ఇప్పుడు మీ డైనింగ్ టేబుల్ కింద నుంచి వెళ్తూ ఉంటుంది. దీనికి దారి ఉంది. సమీక్షలో భాగంగా పారిష్ గీతని మార్చి, దానికి తగ్గట్టు బరో వార్డు గీతని కూడా సవరించమని బౌండరీ కమిషన్‌ని బరో కోరవచ్చు. గత 5 ఏళ్లలో కమిషన్ ఉత్తర్వు ద్వారా పెట్టిన పారిష్ వార్డులైతే మాత్రం మార్చడానికి ముందు కమిషన్ అనుమతి కావాలి. మీ జవాబులో గీత ఎక్కడికి జరగాలో చెప్పండి: బైపాస్, రైలుకట్ట, వాగు, ఏదో ఒక గట్టి గుర్తు. ఆ రెండు వీధుల పిల్లలు ఏ స్కూలుకి వెళ్తారు, కారు బయటికి తీయడానికి దారి ఎటు, దగ్గర్లోని దుకాణం ఏది, ఇవి రాయండి. స్థానిక బంధాలు తెగకూడదని చట్టం అన్నది ఇలాంటి వాటి గురించే.

వార్డు పేరు కూడా మీరే సూచించండి. వదిలేస్తే బిల్డర్ బ్రోచర్‌లో పెట్టిన పేరే పడుతుంది. అక్కడి పాత పొలానికో, తోటకో ఉన్న పేరు పెడితే ఊరివాళ్లకీ నచ్చుతుంది.

ఇంకొకటి. మనవాళ్లకి ఒక సీటు ఉండాలని గ్రూపులో ఎవరో అన్నారు కదా, అది జవాబులో రాయకండి. చట్టం అడిగే రెండు ప్రధాన ప్రశ్నలు: ఆ ప్రాంత ప్రజల గుర్తింపుని, ప్రయోజనాల్ని ఈ ఏర్పాటు ప్రతిబింబిస్తుందా, అది సమర్థంగా, సౌకర్యంగా ఉంటుందా. ప్రాంతం అంటే మీ పక్కింటి పోలిష్ కుటుంబం, ఎదురింటి రిటైర్డ్ టీచరు కూడా. జవాబు మీద వాళ్ల సంతకాలు కూడా ఉంటే ఎస్టేట్ అంతా ఒక ఊరిలా ఆలోచిస్తోందన్నది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అలాగే ఒకే పేరాని రెండొందల మంది కాపీ చేసి పంపడం వల్ల పెద్ద లాభం లేదు, ఇది ఓటింగ్ కాదు. అంకెలతో ఒక గట్టి జవాబు, దానికి తోడు తమ మాటల్లో తమ వీధి గురించి రాసిన ఇరవై చిన్న జవాబులు చాలు. సమీక్ష ఇప్పటికే మొదలైంది కాబట్టి పిటిషన్ అక్కర్లేదు. 500 నుంచి 2,500 మంది ఓటర్లున్న ప్రాంతం నుంచి సమీక్ష కోరాలంటే 187 సంతకాలు కావాలి, అది వాళ్లే మొదలుపెట్టనప్పటి మాట.

మామూలుగా రెండు దఫాలు అభిప్రాయాలు అడుగుతారు. మొదటిది ఇది. తర్వాత ముసాయిదా సిఫారసులు వేస్తారు, వాటి మీద మళ్లీ అడుగుతారు. ఆపైన కౌన్సిల్ తుది సిఫారసుల్ని ఆమోదించి ఉత్తర్వు ఇస్తుంది. మొత్తం 12 నెలల్లో ముగించాలి. ముసాయిదాలో 10, 3 అలాగే ఉంటే కంగారుపడకండి, రెండో దఫాలో అంకెలు మార్చడం చూశాను. తుది ఉత్తర్వు వచ్చాక అప్పీలు లేదు, కోర్టులో జ్యుడీషియల్ రివ్యూ ఒక్కటే దారి, దాని ఖర్చు ప్రీసెప్ట్ కంటే చాలా ఎక్కువ. ఈ రెండు దఫాల మధ్య మీ బరో వార్డు కౌన్సిలర్లని ఒకసారి టీకి పిలవండి, చివరికి చేయెత్తేది వాళ్లే.

మీ పారిష్‌కి క్రితంసారి 2023లో ఎన్నికలయ్యాయన్నారు, అంటే మామూలుగా తర్వాతివి 2027 మేలో. కొత్త సీట్లు అప్పటి నుంచే అమలవుతాయా, ముందే జరుపుతారా అన్నది ఉత్తర్వులో ఉంటుంది. పోలింగ్ బూత్‌లో ఫొటో ఐడీ చూపించాలి, ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. కరపత్రం స్కాన్, మ్యాప్ ఇక్కడ పెడితే (మీ ఇంటి నంబరు చెరిపేసి) గీత గురించి ఇంకా వివరంగా రాస్తాను. బరో వార్డు మ్యాప్ కూడా పక్కన పెట్టండి, అది లేకుండా నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.